చల్లటి గది అడుగున

“ఏమే, గిన్నెలు కడగడం అయిందా?” అన్నారు మా ఆయన ఫోన్లో.

నా గిన్నెల మీద ఆయనకేం బెంగ లేదు. ఆయన ఎవరి బోటులోనో పనిచెయ్యని ఏసీ ముందు నిలబడి ఉన్నారని, చుట్టూ మనుషులున్నారని, ఏం చెయ్యాలో తోచడం లేదని దాని అర్థం. చేతిలోని తడి దుప్పటి దండెం మీద పడేసి, ఫోను చెవికి ఆనించుకున్నాను.

“బోటు పక్క గొట్టంలోంచి నీళ్ళు పడుతున్నాయా?”

“లేదు, లేదు.”

“అయితే వడపోత డబ్బాలో నాచు పట్టింది. ముందు సరస్సు నీళ్ళు లోపలికి రాకుండా వాల్వు మూసెయ్యండి. ఆ తర్వాతే మూత తియ్యండి.”

“అదంతా నాకు తెలుసులేవే, నీ పని నువ్వు చూసుకో,” అన్నారు. ఆ మాట పక్కనున్నవాళ్ళు వినడానికి.

మాది సరస్సు మీద అద్దెకు తిప్పే మూడు గదుల బోటు. ఆయన నడుపుతారు. వంట, గదులు ఊడవడం, వచ్చినవాళ్ళు తడి కాళ్ళతో తొక్కిన దుప్పట్లు ఉతకడం నా వంతు. “నీకేమ్మా, రోజూ నీళ్ళ మీద షికారే,” అంటుంది అత్తగారు. పెళ్ళయిన కొత్తలో ఒక ముసలి మెకానిక్కు వచ్చి బోటు అడుగున దూరితే, టార్చి పట్టుకోవడానికి నన్ను పంపారు. పైన మా ఆయన వచ్చినవాళ్ళకి సరస్సు లోతు గురించి చెబుతున్నారు. కింద ఆ పెద్దాయన నాకు ఒక్కొక్కటే చూపించాడు. “చూడు తల్లీ, ఇంట్లో ఏసీకి గాలి చాలు, దీనికి నీళ్ళు కావాలి. సరస్సులోంచి లాక్కుని, వేడెక్కాక పక్కనుంచి వదిలేస్తుంది. నీళ్ళు ఆగితే దీని ఊపిరి ఆగినట్టే.” ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఒక మనిషి నాకేసి చూసి, నాకు అర్థమవుతుందని నమ్మి, పూర్తిగా చెప్పిన మాటలు అవే. అందుకేనేమో ఒక్క ముక్కా మర్చిపోలేదు. ఆ మెకానిక్కు మోకాళ్ళు అరిగి పని మానేశాక మా ఏసీ నేనే చూసుకుంటున్నాను. రేవులో మాత్రం మా ఆయన ఏసీలు బాగుచేస్తారని పేరొచ్చింది. “పేరు ఎవరికొస్తే ఏం, మనిద్దరం వేరా?” అన్నారొకసారి. మనిద్దరం వేరు కాదనే ఆ మనిషి సాయంత్రాలు రేవులో స్నేహితులతో గడుపుతారు. నేను బోటు అడుగున కూర్చుని, ఏసీకి నీళ్ళు లాగే పంపుతో మాట్లాడతాను. “ఏమిటే, ఇవాళ దగ్గుతున్నావ్?” అంటాను. అది జవాబు చెబుతుంది కూడా, చప్పుడు మార్చి.

ఫోను ఆయన కట్ చెయ్యలేదు. జేబులో పెట్టుకున్నట్టున్నారు. మూత మర తిరుగుతున్న కిర్రుమనే శబ్దం వినిపించింది. వాల్వు మూసిన చప్పుడు అంతకుముందు నాకు వినపడలేదు. “ఏమండీ, వాల్వు!” అని అరిచాను. అప్పటికే జలజలమని నీళ్ళు, ఎవరిదో కేక.

ఆ కేక బయటినుంచి కూడా వినపడింది, మూడు బోట్ల అవతల. బోట్ల మధ్య వేసిన పలకలు దాటుకుంటూ పరుగెత్తాను.

ఆ బోటు యజమాని తండ్రి గుండెజబ్బు మనిషి. కిటికీలు తెరుచుకోని గదిలో చెమటలు కక్కుతూ పడుకుని ఉన్నాడు. కోడలు అట్టముక్కతో విసురుతోంది. అడుగున మా ఆయన మూత చేత్తో పట్టుకుని, పైకి చిమ్ముతున్న నీళ్ళను అరచేత్తో ఆపబోతున్నారు. ఆయన్ని పక్కకి జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళలోకి భుజం దాకా చెయ్యి పెట్టి తడిమాను. వాల్వు పిడి దొరికింది, తిప్పాను. ధార సన్నబడి ఆగిపోయింది.

వడపోతలో నాచు, ఒక చిరిగిన సంచి ముక్క. కడిగి బిగించి వాల్వు తెరిచాను. పంపు తిరిగింది కానీ నీళ్ళు లాగలేదు, లోపల గాలి చిక్కుకుంది. దాని పైనున్న గొట్టం కొంచెం వదులు చేస్తే బుస్సుమని గాలి పోయి చుక్కలు పడ్డాయి. బిగించాను. “నీళ్ళొస్తున్నాయ్!” అని కోడలు పైనుంచి అరిచింది. ఏసీ ఆపి మళ్ళీ వేయించాను.

నేను పైకొచ్చేసరికి గదిలో చల్లగాలి తిరుగుతోంది. మంచం మీది పెద్దాయన కళ్ళు మూసుకుని తేలిగ్గా ఊపిరి తీస్తున్నాడు. మోచేతి దగ్గర గీసుకుపోయి రక్తం కారుతోంది నాకు. ఎవరూ చూడలేదు.

“అదృష్టవంతుడివి బావా,” అన్నాడు యజమాని మా ఆయన భుజం తట్టి. “చెప్పింది చెప్పినట్టు చేసే భార్య!”

“అంతా నేను నేర్పిందే,” అన్నారు మా ఆయన, తడిసిన చొక్కా పిండుకుంటూ.

“రేపు మా రెండో బోటు కూడా చూసిపెట్టవా?”

“దానికేముంది, వస్తా.”

నీళ్ళు ఇంకొంచెం పైకొచ్చి ఉంటే కరెంటు తీగలు తడిసేవి. మా ఆయన అందులోనే నిలబడి ఉన్నారు. రేపు మరో బోటులో, మళ్ళీ నన్ను గిన్నెల గురించి అడుగుతూ.

“ఆయనకి ఈ పని రాదు,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “ఏనాడూ రాదు. ఫోన్లో నేను చెబితే చేసేవారు. రేపు నేనొస్తాను.”

కోడలు చేతిలోని అట్టముక్క దించి నాకేసి చూసింది. ఇన్నేళ్ళలో ఆ అమ్మాయి నా ముఖం చూడడం అదే మొదటిసారనుకుంటాను.

మా ఆయన ముందు నడిచారు. మా బోటెక్కాక, “నలుగురిలో నా పరువు తీశావు,” అన్నారు. అన్నం పెడితే గోడవైపు తిరిగి తిన్నారు. నేను దుప్పట్లు మడిచాను. క్షమాపణ నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

పొద్దున్నే పాత బట్టలు వేసుకుని, తలకి గుడ్డ చుట్టుకున్నాను. ఆయన పక్కమీంచి లేవకుండానే, “ఎక్కడికి?” అన్నారు.

“పనికి,” అన్నాను.