అడగని పదవి

సత్యప్రసాద్ మంచి ఉపన్యాసం ఒకటి సిద్ధం చేసుకున్నాడు. కువైట్‌ను ఆక్రమించిన ఇరాకీ సైనికులు, ఫర్వానియాలో సత్యప్రసాద్ వాళ్లుండే బిల్డింగుకు ఒక పెద్దమనిషిని ఎన్నుకోమని హుకుం జారీ చేసిన రోజది. రొట్టెకైనా పెట్రోలుకైనా ఇక అతనే జవాబుదారీ. అందరూ తన దగ్గరికే వచ్చి బతిమాలతారు, 'మనిషి మీద మనిషికి పెత్తనమే వద్దన్నవాణ్ణి, నాకు పెత్తనమా?' అని తాను దండం పెట్టి తప్పుకుంటాడు. ఇదీ లెక్క. పాపం, ఎవరూ అడగలేదు. నేరుగా పోయి వ్యాను నడిపే కడప గంగాధరను అడిగారు. అతను సరేననేశాడు.

అక్కడ రాజుకుంది కడుపుమంట.

అసలు గంగాధరకు ఆ సిద్ధాంతం నూరిపోసిందే సత్యప్రసాద్. శుక్రవారాలు చాయ్ తాగుతూ, ప్రభుత్వం ఎంత తగ్గితే మనిషికి అంత సుఖమని ఈ అమలాపురం అకౌంటెంటు చెబుతుంటే అతను తలూపేవాడు. ఇప్పుడు బిల్డింగంతా అతని చుట్టూ తిరుగుతోంది. ఆఖరికి విజయదుర్గ కూడా, "గంగాధరన్నయ్య లేకపోతే మన గతేవయ్యేదండీ?" అంటోంది. కట్టుకున్న పెళ్లాం నోట ఆ మాట వినడం కన్నా పస్తుండడమే నయమనిపించింది సత్యప్రసాద్‌కు.

అందుకే గంగాధర తన వ్యానుకు ఇరాకీ నంబరు ప్లేటు బిగించుకొచ్చిన రోజు సత్యప్రసాద్‌కు పండగే అయింది. మెట్ల దగ్గర అందరి ముందూ నిలదీశాడు.

"ఆ ప్లేటు బిగించావంటే ఆళ్ల ప్రభుత్వాన్ని ఒప్పేసుకున్నట్టే గదా? ఇయ్యాల ప్లేటు, రేపింకోటి. కుర్చీ ఎక్కాక అందరూ ఇంతేనయ్యా!"

"ప్లేటు లేకుంటే పెట్రోలు పొయ్యరన్నా. పెట్రోలు లేకుంటే ఇంటికి పొయ్యే బస్రా బస్సుల కాడికి యట్లా పోతాం? అందరి పాస్‌పోర్టులూ పోగుచేసి తెమ్మన్నారు. అది మాత్రం కాదని చెప్పినా. ఎవురిది వాళ్ల చేతిలోనే ఉండల్ల. చూపిస్తాం, ఇయ్యం."

ఆ పాస్‌పోర్టులు ఏళ్ల తరబడి యజమానుల బీరువాల్లో మగ్గాయి. ఆ యజమానులు, అదే కఫీళ్లు, దేశం వదిలి పారిపోతూ ఇచ్చి పోతే, మొన్ననే వీళ్ల చేతికొచ్చాయి. అవి పోతే ఇంటికి దారి లేదు.

"సగం లొంగడం అనేదుండదయ్యా గంగాధరా! లొంగితే లొంగినట్టే," అన్నాడు సత్యప్రసాద్.

గంగాధర ముఖం చిన్నబోయింది. జేబులోంచి వ్యాను తాళాలు తీసి అతని ముందు పట్టాడు.

"అయితే ఈ పెద్దరికం నువ్వే చెయ్యన్నా. పొద్దున బండి నడిపేదీ నువ్వే, చెక్‌పోస్టు కాడ మాట్లాడేదీ నువ్వే. నేను యనక కూచుంటా."

ఇన్నాళ్లకు అడిగారు! ఉపన్యాసం నాలుక చివరే ఉంది. కానీ విజయదుర్గ చూస్తోంది. సత్యప్రసాద్ తాళాలు లాక్కున్నాడు.

మర్నాడు బస్సుల దగ్గరికి పోతుంటే చెక్‌పోస్టు దగ్గర సైనికుడు వ్యాను ఆపించి, పాస్‌పోర్టులన్నీ ఇమ్మని చెయ్యి చాచాడు. చూపిస్తాం, ఇయ్యం. సత్యప్రసాద్‌కు మాట గుర్తుంది, కానీ అది గంగాధర మాట. తన నోటితో అదే అంటే గంగాధరే గెలిచినట్టు. చచ్చినా అనడు. వెనక్కి తిరిగాడు.

"అందరివీ ఇలా ఇచ్చేయండి, బేగా!"

ఒక్కరూ కదల్లేదు. విజయదుర్గ సంచిలోంచి తన పాస్‌పోర్టు తీసింది. హమ్మయ్య అనుకున్నాడు. ఆమె దాన్ని గుప్పిట్లో బిగించి, పక్కకు తిరిగింది.

"అన్నయ్యా, మీరు దిగి మాట్లాడండి."

గంగాధర దిగాడు. తన పాస్‌పోర్టు తెరిచి తన చేత్తోనే చూపించాడు, నవ్వుతూ సలాం కొట్టాడు, సిగరెట్ పెట్టె చేతిలో పెట్టాడు. లోపలివాళ్లంతా ఎవరిది వాళ్లు కిటికీల దగ్గర ఎత్తి పట్టుకున్నారు. సైనికుడు అందరివంకా ఓసారి చూసి, యల్లా అని, పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

గంగాధర మళ్లీ వచ్చి వెనకసీట్లోనే కూర్చున్నాడు.

"పోనియ్యన్నా," అన్నాడు మెత్తగా.

ఆ మెత్తదనానికే సత్యప్రసాద్ ఒళ్లు మండింది. తాళాలు తన దగ్గరే ఉన్నాయి, స్టీరింగు తన చేతుల్లోనే ఉంది. అద్దంలోకి చూశాడు. విజయదుర్గ గంగాధరకు మంచినీళ్ల సీసా అందిస్తోంది.