సాన్ రోకె లేని చర్చి

ఆఖరి మిషను చర్చి ఉన్న ఊరి మలుపు తిరిగేసరికి గైడు రెమేదియోస్ గొంతు బొంగురుపోయింది. పొద్దున్నించి ఆ కొండల్లో ఒక్కో మిషను దగ్గరా వ్యాను దిగడం, చెప్పిందే చెప్పడం, మళ్ళీ ఎక్కడం. స్పెయిన్ నుంచి క్రైస్తవ సన్యాసులు ఎందుకొచ్చారో, పామె తెగ జనాన్ని కొండల మీంచి కిందికి దింపి ఈ చర్చిలు ఎలా కట్టించారో, మశూచి సోకి ఎన్ని కుటుంబాలు తుడిచిపెట్టుకుపోయాయో ఆమె చెబుతూనే ఉంది. వినేవాళ్ళే లేరు. మోంతెర్రేయ్ నుంచి వచ్చిన బెర్నార్దో అనే ఇంజనీరు ప్రతి గోడ ముందూ "కాస్త పక్కకి జరగండి మేడమ్, ఫొటోలో పడుతున్నారు" అంటున్నాడు. కొత్తగా పెళ్ళయిన జంటకి భోజనం ఎప్పుడన్న ధ్యాసే గాని మరోటి లేదు. ఓతీలియా అనే ముసలావిడ మాత్రం శ్రద్ధగా తల ఊపుతూ, చివర్లో "ఇది మనం ఇందాక చూసిందేనా అమ్మా?" అని అడుగుతోంది.

"అక్కా, ఈ సాన్ రోకె చర్చి మానేద్దాం" అన్నాడు డ్రైవరు ఫౌస్తో, గొంతు తగ్గించి. "మీ అన్న ఈసారీ తలుపు తియ్యడు. ఇట్నుంచిటే వెనక్కి తిరిగితే దార్లో వేడి వేడి గోర్దితా రొట్టెలన్నా తినొచ్చు."

"చూపిస్తానని చెప్పాను. చూపించాలి."

"పోయినసారీ ఇదే అన్నావు. బయట నుంచి గంట చూపించి తీసుకొచ్చేశావు."

"నువ్వు బండి నడుపు ఫౌస్తో."

రెమేదియోస్ పుట్టింది ఆ ఊళ్ళోనే. చర్చి తాళాలు, గంట, కొవ్వొత్తులు తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఆమె అన్న కసిమిరోకి వచ్చాయి. ఆ చర్చిలో పీఠం పైన గూట్లో సాన్ రోకె అనే పునీతుడి కొయ్యబొమ్మ ఉండేది. పక్కన నోట్లో రొట్టె పట్టుకున్న కుక్క. ఏటా ఆగస్టు పండగకి ముందు కసిమిరో హార్డ్‌వేర్ కొట్టు నుంచి రంగు డబ్బాలు తెచ్చి పునీతుడికి బుగ్గలు గులాబీగా, కనుబొమ్మలు నల్లగా దిద్దేవాడు. కుక్కకి కూడా ఓ పూత వేసేవాడు. పట్నంలో చదువుకుని గైడుగా వచ్చిన రెమేదియోస్‌కి తలుపులకి వేసే ఆ రంగు బొమ్మ మీద చూస్తే ఒళ్ళు మండిపోయేది. ఎన్నిసార్లు చెప్పినా అన్న వినలేదు. నాలుగేళ్ళ కిందట ఆమే కెరెతారో నుంచి పాత బొమ్మలు బాగుచేసే ఆఫీసు వాళ్ళని పిలుచుకొచ్చింది. వాళ్ళు సాన్ రోకెని దుప్పట్లో చుట్టి, పండగలోపల తెచ్చిస్తామని పట్టుకెళ్ళారు. తెచ్చివ్వలేదు. అప్పట్నుంచి ఊరివాళ్ళు ఏటా ఖాళీ పల్లకీనే మోస్తున్నారు. కసిమిరో చెల్లెలితో మాట మానేశాడు.

వాళ్ళు వెళ్ళేసరికి అతను చర్చి ముందు పిట్టగోడ మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెంలో చిక్కుడు గింజలు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాడు. తలుపుకి తాళం.

"అన్నయ్యా, తలుపు తియ్యి. జనం ఎండలో నిలబడ్డారు."

కసిమిరో తలెత్తలేదు. "ఫౌస్తో, ఎవరో మాట్లాడుతున్నట్టుంది. నీకేమన్నా వినబడిందా?"

"నన్ను మధ్యలోకి లాగకు అన్నా. నేను టైర్లు చూసుకోవాలి" అంటూ ఫౌస్తో జారుకున్నాడు.

"తాళంచెవి ఎక్కడ?" అంది రెమేదియోస్.

కసిమిరో ఆకాశానికి చెప్పాడు. "పోయింది."

"నీ నడుముకి వేలాడుతున్నదేంటి మరి?"

"ఇంటిది."

"అరచెయ్యంత తాళంచెవి ఇంటికా! ఆ ఇంటి తలుపుకి గడియే సరిగ్గా పడదు!"

కొత్త పెళ్ళికూతురు కిసుక్కున నవ్వింది. రెమేదియోస్‌కి తల కొట్టేసినట్టయింది. పొద్దున్నించి చరిత్ర చెబితే ఆవులించినవాళ్ళు ఇప్పుడు కళ్ళింత చేసుకుని చూస్తున్నారు.

ఇంతలో ఓతీలియా మెల్లగా వెళ్ళి పిట్టగోడ మీద కసిమిరో పక్కన కూలబడింది. పళ్ళెంలో చెయ్యి పెట్టి తనూ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

"మా ఆయన పేరూ రోకేనయ్యా" అంది. "పోయి ఏడాదైంది. ఒక్క కొవ్వొత్తి వెలిగించి వచ్చేస్తాను."

కసిమిరో కాసేపు ఆవిడ వేళ్ళ వంక చూశాడు. పళ్ళెం పక్కన పెట్టి లేచాడు. తాళం తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచి, అందర్నీ పిలిచాడు.

"రండి, రండి. లోపల చల్లగా ఉంటుంది. ఆ జెండా పట్టుకున్నావిడ మాత్రం గడప దాటకూడదు."

"ఏంటీ?" అంది రెమేదియోస్.

"మీ గైడమ్మకి చెప్పండి. చరిత్ర బయట నిలబడి కూడా చెప్పుకోవచ్చని."

అందరూ లోపలికి వెళ్ళారు. వెనక్కి తిరిగి చూసిందల్లా ఓతీలియా ఒక్కతే. రెమేదియోస్ తను బాప్తిస్మం పుచ్చుకున్న చర్చి గుమ్మం బయట, చేతిలో టూరు వాళ్ళ ఎర్ర జెండా పట్టుకుని, ఎండలో నిలబడిపోయింది. లోపల్నుంచి అన్న గొంతు ఖంగుమని వినిపిస్తోంది.

"ఈ గోడలు ఒక్క రాత్రిలో లేచాయి. పాద్రీగారు మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తుంటే పైనించి దేవదూతలు దిగి రాళ్ళు అందించారు. పొద్దున్నే మావాళ్ళు లేచి చూస్తే ఏముంది, గంట కూడా కట్టేసి ఉంది!"

"అబద్ధం!" అని అరిచింది రెమేదియోస్. "ఏ దేవదూతా రాలేదు! మన ముత్తాతల ముత్తాతలు వీపుల మీద మోశారు ఆ రాళ్ళు!"

"బయట గాలి ఎక్కువగా ఉంది, పట్టించుకోకండి" అన్నాడు కసిమిరో. లోపల నవ్వులు. "ఇక ఏరు. అది ఒకప్పుడు చర్చి మీదికే వచ్చేది. పాద్రీగారు గుమ్మంలో నిలబడి నాలుగు చీవాట్లు పెట్టారు. సిగ్గుపడి అటు తిరిగింది."

"ఏటికి సిగ్గేంటి! కాలవ తవ్వించారు! తవ్వుతూ జనం చచ్చారు!"

తొంగి చూస్తే బెర్నార్దో కెమెరా దించేసి, నోరు కొంచెం తెరుచుకుని వింటున్నాడు. పొద్దున్నించి ఒక్కసారన్నా అలా విన్నాడా తన మాట? రెమేదియోస్‌కి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నేళ్ళు చదివి, చచ్చినవాళ్ళ పేర్లు వెతికి వెతికి పట్టుకుని చెబుతుంటే కునుకుతీస్తారు. దేవదూతలంటే చెవులు రిక్కిస్తారు.

కొవ్వొత్తి వెలిగించిన ఓతీలియా తలెత్తి అడిగింది. "ఆ గూట్లో ఎవరూ లేరేం నాయనా?"

కసిమిరో ఖాళీ గూటి వంక చూశాడు.

"అక్కడ మా సాన్ రోకె ఉండేవాడమ్మా" అన్నాడు కసిమిరో. ఇందాకటి గొంతు కాదది. "నేను రంగేసి పాడు చేస్తున్నానని నా చెల్లెలు పట్నంవాళ్ళకి పట్టించింది. అప్పుడు మా అమ్మ మంచంలో ఉంది. ఆయన పండగకి కూడా రాలేదేమని అడుగుతూనే పోయింది."

రెమేదియోస్ గడప దాటింది.

"పట్టించానా? ప్రతి నెలా కెరెతారో బస్సెక్కి ఆ ఆఫీసు బెంచీ మీద పడిగాపులు పడేది ఎవరనుకున్నావు? వచ్చే నెల రండి, వచ్చే నెల రండి, వాళ్ళ నోట ఇంకో మాట రాదు. ఎందుకివ్వట్లేదో నీకు తెలుసా? లోపలంతా చెదలు తినేసింది. కొయ్య లేదు, పొడి ఉంది. నువ్వేసిన రంగూ, నాన్న వేసిన రంగూ, తాత వేసిన రంగూ పొరలు పొరలుగా పట్టుకుని ఆయన్ని నిలబెట్టాయి. గీకితే కూలిపోతాడు. గీకకుండా ఇవ్వడానికి వాళ్ళకి మనసొప్పదు. ఆయన అలా పడున్నాడక్కడ!"

కసిమిరో చెల్లెలి వైపు తిరిగాడు. నాలుగేళ్ళలో మొదటిసారి.

"ఇది నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?"

"ఏడాది."

"ఏడాదా!"

"నువ్వు నోరు తెరిచి మాట్లాడితేగా చెప్పడానికి!"

అది నిజమే, కానీ మొత్తం నిజం కాదు. నీ రంగు డబ్బాయే గెలిచిందని అన్నతో చెప్పడం ఆమె వల్ల కాలేదు. అతను ఎగతాళి చేస్తాడనుకుంది. అతను చెయ్యలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"నిలబెట్టారా, పడుకోబెట్టారా?"

"పడుకోబెట్టారు. పెట్టెలో."

"కుక్క?"

"వేరే పెట్టెలో."

"కుక్కని వేరు చేశారా?" అన్నాడు కసిమిరో, ఇక అంతకు మించిన అన్యాయం లేనట్టు.

బెర్నార్దో గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఇది కూడా టూరులో భాగమేనా? చాలా సహజంగా ఉంది."

ఆ కెమెరా లాక్కుని ఏట్లోకి విసిరేయాలనిపించింది రెమేదియోస్‌కి. "వ్యాను ఎక్కండి" అంది. తిరిగి వెళ్ళేటప్పుడు దారంతా వాళ్ళు దేవదూతల గురించే మాట్లాడుకున్నారు.

ఆ తర్వాతి మంగళవారం, ఎప్పట్లా కెరెతారో బస్సెక్కుదామని ఆమె బస్టాండుకి వెళ్ళేసరికి కసిమిరో ఇస్త్రీ చొక్కా, పండగ టోపీ వేసుకుని నిలబడి ఉన్నాడు.

"నీతో మాట్లాడ్డానికి కాదు" అన్నాడు. "వాళ్ళతో."

కెరెతారోలో ఎప్పుడూ వినే మాటే వినిపించింది. బొమ్మల సంగతి చూసే అధికారి సెలవులో ఉన్నాడట, వచ్చే నెల రమ్మన్నాడు బల్ల దగ్గరి కుర్రాడు. రెమేదియోస్ అలవాటుగా బెంచీ వైపు నడిచింది. కసిమిరో మాత్రం ఆ కుర్రాడి బల్ల ముందే నేల మీద బాసింపట్టు వేసుకుని, మూట విప్పి, రొట్టెలూ మిరపకాయ పచ్చడీ తీసి తినడం మొదలుపెట్టాడు. వచ్చేపోయేవాళ్ళు అతన్ని దాటుకుంటూ వెళ్తున్నారు. రెమేదియోస్ సిగ్గుతో చచ్చిపోయింది. లేవమని చొక్కా పట్టి లాగింది. అతను ఓ రొట్టె ఆమెకి అందించి, తింటూనే కూర్చున్నాడు. ఆఫీసంతా పచ్చడి వాసన పట్టాక ఆ కుర్రాడు విసుగ్గా లేచి, చూసి వెంటనే వచ్చెయ్యాలని చెప్పి, లోపలి గది తెరిచాడు.

సాన్ రోకె గడ్డి మధ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బుగ్గలు ఇంకా గులాబీగానే ఉన్నాయి. కసిమిరో టోపీ తీసేశాడు. చుట్టూ చూసి, రెండో పెట్టె కనిపెట్టి, కుక్కని పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి పునీతుడి కాలి దగ్గర పెట్టాడు.

"ఏయ్! ముట్టుకోకూడదు!" అని కుర్రాడు కేకలేశాడు.

"ఇన్నేళ్ళు ముట్టుకున్నది నేనేనయ్యా" అన్నాడు కసిమిరో. "దీన్ని మళ్ళీ వేరు చేశావంటే ఇక్కడే కాపురం పెడతాను."

బొమ్మని ఇవ్వలేదు. వచ్చే నెల రమ్మన్నారు. కుక్కని మాత్రం తియ్యలేదు.

తిరుగు బస్సులో పక్కపక్కనే సీట్లు దొరికాయి. కొండ ఎక్కడం మొదలవకముందే రెమేదియోస్ అంది, అసలా రంగే వెయ్యకపోతే ఇంతవరకు వచ్చేదే కాదని. రంగే లేకపోతే బొమ్మే మిగిలేది కాదని కసిమిరో అన్నాడు. దేవదూతలంటూ జనాన్ని మోసం చెయ్యడం ఆపమని ఆమె, చచ్చినవాళ్ళ లెక్కలు చెప్పి జనాన్ని నిద్రపుచ్చడం ఆపమని అతను. నాలుగేళ్ళుగా దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అమ్మ మాట కూడా వచ్చింది. వెనక సీటులో ఒకావిడ లేచి, ఒళ్ళో పిల్ల పడుకుంది, కాస్త మెల్లగా మాట్లాడుకోమని బతిమాలింది. ఇద్దరూ గొంతులు తగ్గించారు గాని, ఆపలేదు.