చిలుము వదిలిన పొడుం డబ్బా

నేను ఒక ఇత్తడి పొడుం డబ్బాను. బుడితి అనే ఊళ్లో ఒక కంచరి చేతిలో పుట్టాను. అరచేతిలో ఇమిడే ఒళ్లు, బిగుతు మూత, మూత మీద నెమలి. నన్ను మొదట కొన్న కోర్టు గుమాస్తా గారు రోజుకు నలభైసార్లు తెరిచి, తుమ్ముకొకసారి దేవుణ్ణి తలుచుకునేవారు. అంత భక్తి నేను మళ్లీ చూడలేదు. ఆయన పోయాక ఏళ్లతరబడి బీరువా అడుగున పడున్నాను. ఒళ్లంతా పచ్చటి చిలుము పట్టింది. అబ్బ, ఎంత అసహ్యం అనుకున్నాను. అప్పటికింకా టీవీ వాళ్లను చూడలేదు లెండి.

చివరికి పాతసామాన్ల కొట్టుకు చేరిన నన్ను ఆ టీవీ వాళ్లు ఏరుకున్నదే ఈ చిలుము కోసం. ఏనాటిదో పత్రికలో అచ్చయిన పద్దెనిమిది పేజీల అపరాధ పరిశోధన కథను సీరియల్‌గా తీస్తున్నారు. విషం కలిసిన పొడుం పీల్చి ప్లీడరు చచ్చిపోతాడు. పక్కనే డబ్బా. "మా అన్నయ్య రోజూ వాడేదే" అని తమ్ముడు ఏడుస్తాడు. డిటెక్టివ్ అడిగేది ఒక్కటే: రోజూ వేళ్లు ఆడే డబ్బాకి చిలుమెలా పడుతుంది? అంటే విషం డబ్బాను దాచేసి, ఎవరో పాత బీరువాలోంచి తీసి మార్చిపెట్టిన డబ్బా ఇది. ఆ బీరువా తాళం తమ్ముడి దగ్గరే ఉంది! కథంతా నా ఒంటిమీదే నడుస్తుంది. గర్వపడ్డాను, కాదనను.

పద్దెనిమిది పేజీలు మూడొందల ఎపిసోడ్లయ్యాయి. కథలో లేని అత్త దిగింది. అత్తకో కోడలు, కోడలికో కవల చెల్లెలు. ఎవరు తుమ్మినా అందరి మొహాలూ మూడేసిసార్లు చూపించారు, ఉరుములతో సహా. ధారావాహిక అంటారు గానీ, నన్నడిగితే దారుణవాహిక. పొడుం నాలో ఉండాలి. వాళ్లు కథనే పొడుం చేశారు.

డిటెక్టివ్ వేషం కొల్లూరి పరబ్రహ్మం గారిది. ముప్పై ఏళ్లుగా కానిస్టేబులుగా, పురోహితుడిగా, ఎక్కువగా శవంగా వేసిన మనిషి. ఇన్నాళ్లకు పెద్ద వేషం. ఆఖర్న నన్ను చేతపట్టుకుని చిలుము గుట్టు విప్పుతూ ఐదు నిమిషాలు మాట్లాడాలి. రోజూ నన్ను ఎదురుగా పెట్టుకుని వల్లించేవారు. "ఇదొక్కటి పండితే చాలే తల్లీ, తర్వాత మళ్లీ శవంగా పడుకోమన్నా పడుకుంటా" అనేవారు నాతో.

ఆ షూటింగుకు ముందురోజు ఆయుధపూజ. స్టూడియోలో కెమెరాలు, లైట్లు, ట్రాలీలు అన్నీ తుడిచి బొట్లు పెట్టారు. సామాన్లు చూసే పెంటయ్యకు ఏ వస్తువైనా ఒకటే. చింతపండు పెట్టి నన్నూ అరగంట తోమాడు.

మర్నాడు నన్ను చూసి పరబ్రహ్మం గారు నీరుగారిపోయారు.

"చిలుమేదయ్యా?"

"పండుగ గదా సార్, మంచిగ తోమిన. అద్దం లెక్క మెరుస్తలేదా?"

దర్శకుడు రుద్రేష్ వచ్చి చూశాడు. "కంగారెందుకండీ బాబూ! హంతకుడెవరో కోడలికి కల్లో కనిపించేస్తాడు. రేటింగు అదిరిపోద్ది."

"మరి నా డైలాగు?"

"మీరలా డబ్బా పట్టుకుని తలాడించండి. నిండుగా ఉంటది."

"కాస్త పచ్చరంగు పూయించు నాయనా. పది నిమిషాల పని."

"పూజ చేసిన వస్తువుకి మకిలి పూస్తామా? ప్రొడ్యూసర్ గారి అమ్మగారు ఊరుకుంటారా?"

ఆయన తలాడించారు. కోడలు కల కంది. ముక్కున వేలేసుకుందామంటే నాకు ముక్కూ లేదు, వేలూ లేదు. ఛీ, నా జన్మంతా ముక్కుల పక్కనే గడిచింది గానీ ఇంత కంపు ఎన్నడూ ఎరగను.

అంతా అయ్యాక, కోటు తిరిగివ్వడానికి ఆయన సామాన్ల గదికి వచ్చారు. పెంటయ్య నసుగుతూ అడిగాడు. "ఏం డైలాగు సార్ అది?"

పరబ్రహ్మం గారు నన్ను అందుకుని మొదలుపెట్టారు. ఐదు నిమిషాలు. ఎక్కడా గొంతు పెంచలేదు. తళతళలాడే నా ఒంటిమీద వేలు పెట్టి చూపిస్తుంటే, చిలుము ఉందనే నేనూ నమ్మాను.

పెంటయ్య కళ్లు తుడుచుకున్నాడు. "నేనే ఖరాబ్ జేసిన గద సార్. గింత మంచిగుండె." తల గోక్కుంటూ మళ్లీ అన్నాడు. "గని ఒక్కటి సమజ్ గాలె. మరి కోడలికి ఆ కలెందుకొచ్చింది?"

పరబ్రహ్మం గారు కోటు బొత్తాలన్నీ పెట్టి, మడిచి, బల్లమీద ఉంచి వెళ్లిపోయారు.

పెంటయ్య జవాబు కోసం గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాడు.