బోడగుట్టపల్లె బస్సు నిండిన రోజు

రజినిది బోడగుట్టపల్లె. అరవై గడపల ఊరు, తారు రోడ్డుకు ఆరు కిలోమీటర్లు లోపలికి. ఆ ఆరు కిలోమీటర్ల పుణ్యమా అని ఊళ్లో ఆడపిల్లల చదువు పదో తరగతితోనే సరి. రజిని ఒక్కతే మొండిగా నడిచి నడిచి, చివరికి హైదరాబాదులో తార్నాక దాకా వచ్చి, యూనివర్సిటీలో పల్లె జనాభా, రవాణా మీద పరిశోధన చేస్తోంది.

ఈ ఏడు చెల్లెలు సారలమ్మ పది పాసైంది. తల్లి పోచమ్మ ఫోనులో తెగేసి చెప్పింది. బస్సు పడితే పిల్ల కాలేజీకి, పడకపోతే పత్తి చేనుకు.

"నీకైతే మీ నాయిన రోడ్డు దాంక తోడొచ్చె. దీనికెవలున్నరు?" అంది.

నాయిన పోయి మూడేళ్లయింది.

రజిని అర్జీ మీద అర్జీ పెట్టగా పెట్టగా బస్సు డిపో వాళ్లు కరిగి, నెల రోజులు చూస్తామని పొద్దునొకటి, సాయంత్రమొకటి ట్రిప్పు వేశారు. నిండితే ఉంటుంది, నిండకపోతే పోతుంది. మండుటెండలు, కాలేజీలకు సెలవులు, చేతిలో పని లేదు. ఊరికే బస్సెక్కి ఎక్కడికి పోతారు జనం? బస్సు ఖాళీగానే తిరిగింది. ఆఖరి రోజు తనిఖీ అధికారి ఎక్కుతాడని తెలియగానే రజిని సర్పంచి బిక్షపతికి ఫోను చేసింది.

"అన్నా, రేపొక్కరోజు ఇండ్లకు తాళాలేసి అందర్ని బస్సెక్కియ్యున్రి. లగ్గానికి పోయినట్టు పోయి రాన్రి."

పిల్లాజెల్లాతో ఊరు ఊరంతా ఎక్కింది. కాలు మోపే సందు లేదు. సాయంత్రం బిక్షపతి ఫోటో పంపితే రజిని లైబ్రరీలో కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది. చెల్లెలి చదువుకు ఇక ఢోకా లేదనుకుంది.

అనుకుంటే సరిపోయిందా? రజిని గైడు శ్రీనివాసరావు గారు గుంటూరు మనిషి. తార్నాకలో ఇల్లు కట్టుకుని ముప్పై ఏళ్లయినా మల్కాజ్‌గిరి దాటి పల్లె ముఖం చూసింది లేదు. మంచివారే. కాకపోతే కాగితం మీద లేనిది లోకంలోనే లేదంటారు. శని ఎక్కడ కాచుక్కూర్చుందో గానీ, ఆయన సర్వే బృందం సరిగ్గా అదే రోజు మధ్యాహ్నం జీపు వేసుకుని ఆ ఊళ్లో దిగింది. యాభై తొమ్మిది ఇళ్లకు తాళాలు. బస్సు మెట్టెక్కలేక ఉండిపోయిన మల్లన్న తాత ఒక్కడే అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. జనమేరీ అని అడిగితే ఉన్నమాటే చెప్పాడు.

"అందరు బస్సెక్కి పోయిన్రు బిడ్డా. నేనొక్కన్నే మిగిలిన."

వాళ్లు రాసుకున్నారు. వలస వెళ్లిన కుటుంబాలు యాభై తొమ్మిది, ప్రస్తుత జనాభా ఒకటి. సారు నివేదికలు మామూలుగా ఏళ్ల తరబడి బీరువాలో నిద్రపోతాయి. ఇది మాత్రం వారంలో సర్కారు ఆఫీసుకూ, అక్కణ్నుంచి డిపోకూ చేరింది. ఆ రోజు బస్సు నిండింది నిజమే గానీ ఊరొదిలి పోయేవాళ్లతో నిండింది, ఇక ఎక్కేదెవరని మేనేజరు బస్సు తీసేశాడు. సాయంత్రం అందరూ అదే బస్సులో తిరిగొచ్చారని డ్రైవరు చెప్పాడట. డ్రైవరు మాట ఏ కాలమ్‌లో రాయాలో ఎవరికీ తెలియలేదు.

రజిని సారు గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ మొత్తం విన్నారు.

"అంటే బస్సు నింపడానికి జనాన్ని తోలారన్నమాట. దాన్ని రవాణా అవసరం అనరమ్మా, జాతర అంటారు. ఈ సంగతి బయటపడితే ఇక జన్మలో మీ ఊరికి బస్సు రాదు," అన్నారు.

నోరు విప్పితే ఒక చిక్కు, విప్పకపోతే ఇంకో చిక్కు. ఆ తర్వాత ఆయనే జాలిపడి, చెల్లెల్ని ఇక్కడికే తెచ్చేసుకో, తార్నాకలో బస్సులకేం కొదవ అని సలహా ఇచ్చారు. రజినికి ఒళ్లు మండింది. మండినా వేరే దారి లేదు. హాస్టలు వదిలి లాలాగూడలో ఒక గది అద్దెకు తీసుకుంది.

జూన్‌లో సారలమ్మ వచ్చింది. కాలేజీలో చేర్పించి, మిట్టమధ్యాహ్నం అక్కాచెల్లెళ్లిద్దరూ తార్నాక స్టాపులో నిలబడ్డారు. ఒక బస్సులో ముగ్గురున్నారు. దాని వెనకాలే అదే నంబరుతో వచ్చినదాంట్లో కండక్టరు తప్ప ఎవరూ లేరు. సారలమ్మ దాన్నే చూస్తూ నిలబడింది.

"అక్కా, గీ బస్సుల మనుషులే లేరు గద. దీన్నెందుకు బందు చేస్తలేరు?"

రజిని చెల్లెల్ని ముందు ఎక్కించింది.