రెండో గ్లాసు

"వెనక బెంచీల వాళ్ళని సైకిల్ షెడ్డుకి తోలెయ్యమ్మా. పెద్దసారు గేటు దగ్గర కారు దిగుతున్నారు," అన్నాడు హెడ్మాస్టరు, గదిలోకి అడుగు పెట్టే పాపాన పోకుండా.

ట్రైనింగ్ కాలేజీలో ఆమె పేరు ఇస్త్రీ. తల్లిది ఇస్త్రీ బండి. చీర కుచ్చిళ్ళు కత్తిలా నిలబడతాయని మొదట్లో మెచ్చుకున్న నోళ్ళే, బండి సంగతి తెలిశాక ఆ పేరు తగిలించాయి. ఇవాళ పరీక్షకొచ్చిన పెద్దసారు ముందు ఈ ఒక్క పాఠం గట్టెక్కితే ఆమె హైస్కూలు టీచరు. పోతే ఏడాది పోయినట్టే. అమ్మ ఇంకో ఏడాది నిప్పుల పెట్టె ముందు నిలబడాలి.

పాఠం, బురదనీళ్ళు తేటపరచడం. అడుగు కోసి తలకిందులు చేసిన సీసాలో గుడ్డ, బొగ్గు, ఇసుక. బొగ్గు అమ్మ ఇచ్చిందే.

"తేట నీళ్ళ గ్లాసు టేబుల్ కింద పెట్టానక్కా," అంది తోటి ట్రైనీ గుసగుసగా. "సారు తల దించగానే మార్చెయ్. ఆ సీసా నీళ్ళొదిలేదాకా ఆగితే ఆయన భోజనం చల్లారిపోదూ!"

ముందు బెంచీలో క్లాసు లీడరు చెయ్యెత్తింది. "టీచర్, చప్పట్లు నీళ్ళు చూపించాక కొట్టాలా, సారు లేచాక కొట్టాలా? పోయినసారి పాఠం చెప్పిన అక్కకి లేచాక కొట్టాం."

ఏటా ఇదే పాఠం, ఇవే ప్రశ్నలు. జవాబులు చెప్పేవాళ్ళూ వీళ్ళే.

వెనక బెంచీల ఆడపిల్లలు ఎవరూ చెప్పకుండానే లేచారు. బారుజడ పిల్ల తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"సైకిళ్ళు తుడిచే గుడ్డలెక్కడున్నాయి టీచర్?"

వెనకబడిన విద్యార్థి మీద పెద్దసారు రాసిన గైడు ఇస్త్రీకి కంఠతా వచ్చు. అది కొననివాడికి ఆయన చేతిలో మార్కులు పడవు.

"గుడ్డల్లేవు. వచ్చి కూర్చోండి," అంది.

హెడ్మాస్టరు పళ్ళు నూరేలోపే పెద్దసారు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. పాతికేళ్ళుగా పాఠాలు చూస్తున్న మనిషి. ఒక్కటీ విన్న పాపాన పోలేదు. మెడలో నాప్‌కిన్ కట్టుకోవడం ఒక్కటే తక్కువ.

ఇస్త్రీ బురదనీళ్ళు వంపింది. ముందు బెంచీలు ప్రశ్న పూర్తికాకముందే జవాబులు అప్పజెప్పాయి. పెద్దసారు బారుజడ పిల్లను వేలితో చూపించాడు. "నువ్వు చెప్పు. ఇసుకెందుకు?"

పిల్ల లేచి నిలబడింది. సీసా వైపే చూసింది.

"ఇలాంటి సరుకుని ఎందుకు కూర్చోబెట్టారయ్యా?" అన్నాడాయన హెడ్మాస్టరుతో. హెడ్మాస్టరు నవ్వాడు, తనకూ ఆ సరుకుకూ సంబంధం లేనట్టు. పెద్దసారు వాచీ చూసుకున్నాడు. "సరే, తేట నీళ్ళు చూపించమ్మా, వెళ్తాను."

"ఇంకా దిగలేదు సార్."

"దిగేదేంటి? కింద పెట్టుకున్నావుగా. అది తియ్."

అందరికీ తెలిసిన గ్లాసే! తోటి ట్రైనీ కళ్ళతోనే బతిమాలింది. ఇస్త్రీ వంగి గ్లాసు తీసింది. వెలుతురుకి ఎత్తి చూసింది. ఈయనకేనా, మొన్నటి నుంచీ తిండి సహించకుండా భయపడింది?

"ఇది కుళాయి నీళ్ళు సార్," అని కిటికీలోంచి పారబోసింది.

గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లీడరుకైతే ఎటు చూడాలో తెలియలేదు. పెద్దసారు పెన్ను మూత తీశాడు. "ఏ ఇంటి పిల్లవమ్మా నువ్వు?"

"ఇస్త్రీ బండి వాళ్ళ పిల్లని సార్. కాసేపు ఆగండి, దిగుతాయి."

బారుజడ పిల్లను ఎవరూ కూర్చోమనలేదు. నెమ్మదిగా ముందుకొచ్చి సీసా పక్కన గొంతుక్కూర్చుంది. మొదటి చుక్క రాలింది. బురద కంటే నల్లగా ఉంది.

"టీచర్, బొగ్గు కడగలేదా?"

"లేదే, మర్చిపోయాను."

"మరిప్పుడెట్లా?"

పెద్దసారు కాగితం మీద ఏదో గీస్తున్నాడు. ఇస్త్రీ అటు చూడలేదు. ఖాళీ గ్లాసు పిల్ల చేతికిచ్చింది.

"ఇందులో పట్టు. మళ్ళీ పైన వంపుదాం."