ఎర్ర బ్యాండు సీసా

తడి వెంట్రుక తెగితే చప్పుడు రాదు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లో ఆడవాళ్ల తలలన్నీ నా చేతుల మీదుగా పోతున్నాయి, ఆ మాత్రం నాకు తెలుసు. కానీ ఆ రోజు విగ్గులావిడ మా అమ్మాయి వెంట్రుక ఒకటి రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగినప్పుడు, అది టుప్పున తెగడం నా చెవులతో నేను విన్నాను. ఒట్టు.

ఉండండి, మొదట్నుంచీ చెప్తాను. లేకపోతే నా గోల మీకు అర్థం కాదు.

నాది పార్లరు. రెండు కుర్చీలు, తల కడిగే బేసిన్ ఒకటి, గోడ నిండా అద్దం. దాని పేరు ఎవరికీ గుర్తుండదు. "ఆ పొడుగు జడావిడ షాపు" అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా దారి చెప్తారు. చెప్పుకోకూడదు గానీ, నా జడ నడుం దిగి ఇంకా జానెడు కిందికి ఉంటుంది. వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుని అద్దంలో తమ తల చూసుకోరు, నా జడ చూస్తారు. నా బోర్డూ అదే, నా ప్రచారమూ అదే.

మా చెల్లి పోస్టాఫీసులో పని చేస్తుంది. ముందు కౌంటరులో కూర్చుని వచ్చే పోయే ప్రతివాళ్లతో కబుర్లాడుతూ స్టాంపులు కొట్టేది. మూడేళ్ల కిందట దానికి ఏదో జబ్బు చేసింది. డాక్టరు పేరు చెప్పాడు గానీ నా నోరు తిరగదు. ఒక్క నెలలో తలంతా ఊడిపోయింది, కనుబొమలతో సహా. ప్రాణానికేం భయం లేదన్నాడు. జుట్టు మాత్రం మళ్లీ రాదన్నాడు. చెల్లి ఏడవలేదు. తలకి రుమాలు కట్టుకుని, పార్శిళ్లు సర్దే వెనక గదిలోకి పని మార్పించుకుంది. అంత వాగుడుకాయ, మూడేళ్లుగా గోడకేసి మొహం పెట్టుకుని అట్టపెట్టెలతో కాపురం చేస్తోంది.

బజారు విగ్గులన్నీ చూశాం. ప్లాస్టిక్ జుట్టు. చెమట పడితే దురద, గాలేస్తే ఒక చెయ్యి నెత్తి మీదే. అప్పుడు విగ్గులావిడ దొరికింది. "ఒకే తల నుంచి ఒత్తైన, ఆరోగ్యమైన జుట్టు పద్దెనిమిది అంగుళాలకి తగ్గకుండా తెండి, ఒక్కో వెంట్రుకా ముడేసి కుట్టిస్తాను. కడుక్కోవచ్చు, దువ్వుకోవచ్చు, సొంత జుట్టులాగే ఉంటుంది" అంది.

"పిన్నికి నా జుట్టిస్తా" అంది మా అమ్మాయి చిట్టి. అప్పటికి దానికి పదమూడేళ్లు, జుట్టు భుజాల దాకా ఉంది.

అందరి కళ్లూ తడిశాయి. నేను చీర కొంగు దోపుకుని, "దాని జుట్టు పెంచే పూచీ నాది" అని ప్రకటించాను. ప్రకటనలు చెయ్యడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఇక షాంపూ వేట చూడాలి నాది! ఏడు రకాలు తెప్పించాను. 'ఒత్తైన జుట్టుకి', 'పొడవైన జుట్టుకి', 'వేళ్ల నుంచి బలానికి'. సీసా మీద బొమ్మలో నవ్వే పిల్లకి ఆ జుట్టు ఆ సీసాలోది పోసుకుంటే వచ్చింది కాదని నాకు తెలియదా? షాంపూ జుట్టుని పెంచదు. ఉన్నదాన్ని చెడగొట్టకుండా మురికి వదిలిస్తే అదే పదివేలు. బాగా నురగొచ్చేవి మొదటి రోజే పక్కన పెట్టేశాను. నురగ చూస్తే కస్టమర్లకి సంబరం, జుట్టుకి చావు. ఘుమఘుమలాడేవీ తీసేశాను. చివరికి ఒకటి మిగిలింది. తెల్లగా, పలచగా, వాసనా వగైరా లేకుండా, నురగ వచ్చీ రానట్టు. అదీ చిట్టికి.

నాకు వేరే ఉంది. పార్లరులో రంగు వేసే ముందు జిడ్డు మొత్తం లాగెయ్యడానికి వాడే ఘాటు రకం. అదీ తెల్లగానే ఉంటుంది. రోజంతా ఆవిరిలో నిలబడేదాన్ని, నా మాడుకి అదే సరి అనుకునేదాన్ని. వారానికొక్కసారి పోసుకుంటాను. మా ఆయన నెత్తి మీద మిగిలిన పాతిక వెంట్రుకలకి ఒంటి సబ్బే ఎక్కువ, ఆయన గొడవ లేదు.

ఇప్పుడు సీసాల సంగతి. పార్లరులో షాంపూలు పెద్ద డబ్బాల్లో వస్తాయి. వాటిని ఒకే రకం తెల్ల పంపు సీసాల్లోకి పోసుకుంటాం. పేరు రాస్తే తడికి చెరిగిపోతుంది. అందుకని సీసా మెడకి రంగు రబ్బరుబ్యాండు వేస్తాను, జడలకి వేసేవే. కస్టమరు తల చేతిలో ఉండగా చదువుతూ కూర్చోలేం కదా, రంగు కనపడితే చాలు, చెయ్యి దానంతటదే పోతుంది. ఇంట్లోనూ అదే పద్ధతి. బాత్‌రూములో రెండు సీసాలు. ఎర్ర బ్యాండు చిట్టిది, నల్ల బ్యాండు నాది. "ఎర్రది తప్ప ముట్టుకున్నావో, వీపు విమానం మోత మోగుతుంది" అని చిట్టికి చెప్పాను. వారానికి మూడుసార్లు తలస్నానం చెయ్యమన్నాను. అది బుద్ధిమంతురాలు, చెప్పినట్టే చేసింది.

మధ్యలో ఒకసారి, "అమ్మా, ఇవాళ నురగ చాలా వచ్చింది, తలంతా చురచురలాడుతోంది" అంది.

"నాకు చెప్తున్నావా షాంపూల గురించి?" అన్నాను.

ఇంకోసారి అంది. ఇంకోసారీ కసిరాను. మూడోసారి చెప్పడం మానేసింది.

రోజూ జడ వేసేది మా అత్తయ్య. నాకెక్కడిది తీరిక? ఊరందరి తలలూ నా నెత్తిన ఉంటే కన్నకూతురి తల ఎప్పుడు పట్టుకోను? కానీ ప్రతి నెలా ఒకటో తారీఖున టేపు తెచ్చి కొలిచేదాన్ని. తలుపు చెక్క మీద పెన్సిలు గీత పెట్టేదాన్ని. ఎనిమిది, పది, పన్నెండు, పదిహేను. చివర్లు కత్తిరిద్దామని అత్తయ్య అంటే, "ఒక్క అంగుళం తగ్గినా ఊరుకోను" అన్నాను. కొలిచాను గానీ ఒక్కసారీ వేళ్లు పోనిచ్చి చూడలేదు. ఈ మాట చెప్తుంటే ఇప్పటికీ నా చేతులు నాకే పరాయివిగా ఉన్నాయి.

ఇంతలో పోస్టాఫీసులో ముందు కౌంటరాయన రిటైరవుతున్నాడని తెలిసింది. చెల్లి ఆ సీటు అడిగింది. రెండు నెలల్లో చేరాలి, లేకపోతే ఇంకెవరికో పోతుంది. విగ్గుకి ఆరు వారాలు పడుతుంది. చిట్టి జుట్టు పద్దెనిమిది అంగుళాలైంది. ముగ్గురం బయల్దేరాం.

విగ్గులావిడ గది చిన్నది. బల్ల మీద చెక్క తలకాయలు, సన్న వల, కొక్కెంలాంటి సూది. చెల్లి ఎన్నాళ్లకో నవ్వుతూ, ఏ తలకాయ తన సైజని వాటికి చెయ్యి పెట్టి చూస్తోంది. ఆవిడ చిట్టి జడ విప్పి, చివరి నుంచి ఒక వెంట్రుక తడిపి లాగింది. తెగింది. మధ్యలోంచి ఇంకోటి. తెగింది. చెవి వెనక నుంచి ఇంకోటి తీసింది. అదీ అంతే.

"మంచి వెంట్రుక తడిపి లాగితే సాగి మళ్లీ వెనక్కొస్తుందమ్మా" అంది నాకేసి చూసి. నాకు చెప్తోంది! నాకు! "ఇది ముడేస్తే ముడి దగ్గరే పుటుక్కుమంటుంది. దేంతో కడిగారు దీన్ని? లోపలి సారమంతా లాగేసింది."

వంగి చిట్టి జుట్టు చేత్తో పట్టుకున్నాను. గడ్డి. ఎండిన గడ్డి. పైన నూనె పట్టించి దువ్వింది కాబట్టి నున్నగా కనపడింది, అంతే. 

చెల్లి రుమాలు ముడి బిగించుకుంది. "పర్లేదులే అక్కా. వెనక గది నాకు అలవాటైపోయింది" అంది.

చిట్టి మాత్రం బావురుమంది. "నేనేం చెయ్యలేదు పిన్నీ, అమ్మ చెప్పినట్టే చేశాను" అని ఒకటే ఏడుపు.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. వచ్చీ రాగానే పూనకం పట్టినదానిలా బాత్‌రూములోకి దూరాను. "ఎవరు చేశారు ఈ పని? నా సీసా ఎవరు ముట్టుకున్నారు? అత్తయ్యా, మీరేమైనా పోశారా? నిజం చెప్పవే చిట్టీ, నల్లది వాడావు కదూ! మూడేళ్ల కష్టం బూడిదలో పోశారు కదే!" నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. చిట్టి గుమ్మంలో నిలబడింది. అత్తయ్య దాని వెనక నిలబడి నా చేతులకేసి చూస్తోంది.

ఆ ఊపులో నా జడ ఊడింది. అలవాటే కదా, అరుస్తూనే జడ ముందుకి లాక్కున్నాను, అరుస్తూనే అల్లాను, అరుస్తూనే చెయ్యి చాపి దగ్గరున్న సీసా మెడ నుంచి బ్యాండు లాగి జడ చివర వేశాను. మణికట్టుకి ఎప్పుడూ నాలుగైదు బ్యాండులుంటాయి నాకు. అందులోంచి ఒకటి తీసి సీసా మెడకి తగిలించాను.

"అదే" అంది అత్తయ్య.

"ఏది?" అన్నాను కోపంగా.

"ఇప్పుడు నువ్వు చేసిందే. రోజూ పొద్దున చేసేదే."

కిందికి చూశాను. నా జడ చివర ఎర్ర బ్యాండు. సీసా మెడకి నల్లది. పక్క సీసాకీ నల్లదే.

బేసిన్ అంచు పట్టుకున్నాను. రోజూ! పని తొందరలో, కళ్లు గడియారం మీద పెట్టుకుని, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఏ రంగు తీశానో, ఏ రంగు పెట్టానో ఏనాడూ చూడలేదు. నెలాఖరున డబ్బాలోంచి నింపేటప్పుడు కూడా సీసా ఉన్న చోటు చూసి నింపాను గానీ, దాని మెడకేసి చూడలేదు. ఎర్ర బ్యాండు ఘాటు సీసాకి చేరింది, వారానికి మూడుసార్లు చిట్టి నెత్తికెక్కింది. చిట్టి కోసం ఏడు రకాలు వడపోసి తెచ్చింది నా నెత్తికెక్కింది. నురగ తగ్గిందని కూడా గమనించుకోలేదు నేను.

"మరి మీరు చెప్పలేదేం అత్తయ్యా?"

"నీ సీసాల రంగులకి అర్థాలున్నాయని ఇప్పుడు నువ్వు అరిచేదాకా నాకేం తెలుసమ్మా? ఆ సీసా మెడలు జడ బ్యాండులు తగిలించుకునే కొక్కేలనుకున్నా" అంది పాపం. అరిచేదాన్నే గానీ, ఇంట్లో ఎవరికైనా వివరంగా చెప్పానా ఎప్పుడైనా?

చిట్టికేసి తిరిగాను. క్షమించమని అడగడం నాకు రాదు. "రెండుసార్లు చెప్పావు కదే నాకు" అన్నాను. అంతే వచ్చింది నోట్లోంచి.

అది ముక్కు తుడుచుకుని నా జడకేసి చూసింది. "అమ్మా, మరి నీది?"

చూడండి, ఇక్కడ నేను అబద్ధం చెప్పదలుచుకోలేదు. నా మనసులో మొట్టమొదట వచ్చిన మాట, "నా జడే? ఇదెలా ఇస్తాను? రేపు షాపుకి ఎవరొస్తారు?" అని. ఆ తర్వాతే వచ్చింది అసలు దెబ్బ. మూడేళ్లు. విగ్గులావిడ దొరికిన రోజే నా జడ ఇచ్చి విగ్గు కుట్టించి ఉండొచ్చు. నడుం దిగిన జడ వీపు మీద వేసుకుని, పదమూడేళ్ల పిల్ల జుట్టు ఎప్పుడు పెరుగుతుందా అని టేపు పట్టుకుని కొలుస్తూ కూర్చున్నాను. నా చెల్లెలు గోడకేసి చూస్తూ కూర్చుంది. నాకు ఏనాడూ తట్టలేదు.

మర్నాడు పార్లరు తెరవలేదు. చెల్లిని తీసుకుని నడుస్తుంటే దారిలో అడిగాను. "నీకెప్పుడూ నన్ను అడగాలనిపించలేదా?"

"ఒకసారి అనిపించింది. నీ బోర్డు అదే కదా అని ఊరుకున్నా" అంది. దాని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, తిట్టుకునైనా వచ్చేవాళ్లం.

విగ్గులావిడ కుర్చీలో కూర్చున్నాను. అద్దంలో మొహం చూసుకోలేక కళ్లు మూసుకున్నాను. ఆవిడ నా జడ చివర ఎర్ర బ్యాండు తీసి ఒళ్లో పడేసింది. ఒక వెంట్రుక తడిపి లాగింది. సాగింది. వదిలితే వెనక్కొచ్చింది. ఇంకోటి లాగింది. అదీ వెనక్కొచ్చింది. చెల్లి ఊపిరి వదలడం వినపడింది నాకు.

"అబ్బ, ఏం జుట్టమ్మా! ఈ వయసులో ఇంత గట్టి వెంట్రుక నేను చూడలేదు" అంది ఆవిడ కత్తెర అందుకుంటూ. "ఇంతకీ ఏ షాంపూ వాడతావు?"

ఒళ్లో బ్యాండు గట్టిగా పట్టుకున్నాను.

"మా అమ్మాయిది" అన్నాను.