పెద్ద పుంజు వంశం

2009 జూన్ ఏడు, ఆదివారం. ఆ మధ్యాహ్నం తిన్నది జొన్నరొట్టె, కోడికూర. తొడముక్క పళ్లెంలో పట్టక అంచు దాటిందనీ, చాంద్యా దాన్ని రెండు చేతులా పట్టుకుని తిన్నాడనీ బాబామియాకు ఇప్పటికీ గుర్తు. అతని భార్య జన్నత్ బీ విసనకర్ర విసురుతూ నవ్వుతూనే ఉంది.

ఆ కోళ్లు చాంద్యా ఇచ్చినవే. కొత్తగూడ అడవి పక్క తండా అతనిది. జన్నత్ బీని అక్కా అనేవాడు. ఓ ఏడాది ఒక పెట్టనూ పుంజునూ గంపలో పెట్టుకుని గార్లలో వాళ్లింటికి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆనాటి నుంచీ ఏటా తొలకరికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఆమె పెరట్లో అన్నిటికన్నా పెద్ద పుంజును కొయ్యమని చూపించేది. ఏ చుట్టం వచ్చినా అంతే. చిన్నదాన్ని కోస్తే ఇంటికే చిన్నతనం.

ఆమె పోయి మూడేళ్లయింది. కోళ్లు మిగిలాయి గానీ, ఏటికేడు కుంచించుకుపోతున్నాయి. బాబామియా నూకలు మార్చాడు, పసుపునీళ్లు తాగించాడు, దిష్టి తీశాడు. అయినా పుంజులు పావురాలంతే ఎదిగాయి. ఈ ఏడు మాత్రం ఒక్కటి, ఎర్ర మెడది, పాత రోజుల ఎత్తున లేచింది. దాన్ని చూస్తే పెరట్లోకి జన్నత్ బీ నడిచివచ్చినట్టు ఉండేది.

రేపు చాంద్యా వస్తున్నాడు.

"దాన్నే కోస్త," అన్నాడు బాబామియా. మహబూబాబాద్ కాలేజీలో జువాలజీ చెప్పే కూతురు ఆయేషా సెలవుకు వచ్చి, గడప మీద కూర్చుని ఉంది.

"అబ్బాజాన్, పెద్దదాన్ని ఏటేట మనమే తింటే, పిల్లలకు తండ్రెవరైతరు?"

"మిగిలినయి."

"మిగిలినయి ఎసొంటియి?"

ఆయన పెరట్లో తిరిగే సన్న పుంజుల వైపు చూశాడు.

"మన పెరట్ల తెల్లకోడి ఎందుకు లేదంటవ్? తెల్లపిల్ల గద్ద కంట్ల పడ్తది. మట్టిరంగుది చెత్తల కలిసిపోయి బతుకుతది, దానికే పిల్లలైతయి. గద్ద ఏమన్న రంగు చూసి ఎంచిందా? దానిది ఆకలి."

"మరి మనది?"

"మర్యాద," అని నవ్వింది ఆయేషా.

మబ్బు పట్టిన ఆ మధ్యాహ్నం బాబామియా మంచం మీద వాలాడు. రెప్పల వెనక పెరడు పెద్దదైంది. తాను కోసిన పుంజులన్నీ దుమ్ములో స్నానం చేసి, రెక్కలు దులుపుకుని వరుసగా నడుస్తున్నాయి. వాటి వెనక పుట్టవలసిన పిల్లలు, ఆ పిల్లల పిల్లలు గోడ దాటి, చేలు దాటి అడవి దాకా. ఏ ఒక్కటీ ఆయన వైపు కోపంగా చూడలేదు. అదే ఆయనకు చల్లగా తగిలింది.

మర్నాడు ఆయన సన్న పుంజునే కోశాడు. చాంద్యా ఏమనుకుంటాడో!

చాంద్యా పళ్లెంలోకి చూశాడు. పెరట్లో తిరుగుతున్న ఎర్ర మెడ పుంజునూ చూశాడు.

"ఏంది బావా, నాకు పిట్టనా? గంత పుంజు పెట్టుకొని?" ముద్ద ముట్టలేదు. "అక్కుంటే గిట్ల జేసునా?"

బాబామియా పెరట్లోకి చెయ్యి చూపించాడు. "అక్క కోళ్లల్ల గింత పెద్దది గిదొక్కటే మిగిలింది చాంద్యా. పెద్దయి అన్నీ మనమే తిన్నం. చిన్నయే పిల్లల్ని చేసినయి. గిది గూడ పోతే ఇగ అసొంటిది పుట్టదు."

"మేత తక్కువై చిన్నగయినయి గాదా?"

"గాదు మామా," అంది ఆయేషా. "వచ్చినప్పుడల్ల పెద్దదాన్ని తినిపోయింది నువ్వే."

చాంద్యా పళ్లెంలోకి మళ్లీ చూశాడు. తర్వాత పొట్ట ఊగేలా నవ్వాడు. "అంటే నీ కోళ్లను పిట్టలు జేసింది నేనేనా?"

"ఇద్దరం గలిసి జేసినం."

"ఇగ నేనొస్తే పప్పే పెట్టు బావా. చుట్టాలకు నా పేరు జెప్పు, పెద్దదాన్ని కొయ్యొద్దని చాంద్యా అన్నడని." ముద్ద కలుపుకున్నాడు. "పిట్టయినా కారం మంచిగున్నది."

ఆ రాత్రి అతను అక్కడే ఉండిపోయాడు. చినుకులు మొదలయ్యాయి. చీకటి పడుతుండగా పెట్టలు ఒక్కొక్కటే గూట్లోకి దూరాయి. ఎర్ర మెడది గుమ్మంలో నిలబడి ఓసారి అటూ ఇటూ చూసి, తల వంచి లోపలికి వెళ్లింది. చాంద్యా మెల్లగా లేచి వెళ్లి, చప్పుడు కాకుండా గూడు తలుపు వేశాడు.